నౌపడలో నూకరత్నం హోటలు

నౌపడ వెళ్ళి ఏం చూసి వచ్చావని మా తెనాలిలో అడిగినవాళ్ళందరికీ ‘పక్షుల్ని’ అని చెప్పాను. అబద్ధమేమీ కాదు. పక్షుల్ని నలభై నిమిషాలు చూశాను. మిగిలిన పది రోజులూ ఒక హోటలును చూశాను. పక్షుల గురించి రాయడానికి నాకంటే తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ హోటలు గురించి మాత్రం ఎవరూ రాసినట్టు లేదు.

నేను నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. ముప్పై ఆరేళ్ళు కాలవ గట్ల గురించి కాగితాలు రాశాను. గట్ల మీద నడిచింది తక్కువ. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. నౌపడ ఉప్పు మళ్ళ దగ్గర నాకు జరిగినదానికి వేరే కారణం లేదు.

ఆమదాలవలస

తెల్లవారి నేను దిగిన స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్డు. ఊరి పేరు ఆమదాలవలస. అసలు శ్రీకాకుళానికి అక్కణ్ణించి ఇంకా రోడ్డు పట్టుకుని వెళ్ళాలి. దిగే ముందు, శ్రీకాకుళం ఇదేనా అని పక్క బెర్తు ఆయన్ని అడిగితే, “ఇదే. కానీ ఇది కాదు” అన్నాడు. ఆ తర్వాత పది రోజుల్లో నేను విన్న జవాబుల్లో సగం ఇదే పద్ధతిలో ఉన్నాయి.

స్టేషన్ బయట బియ్యం బస్తాల లారీల మధ్య ఒక బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. ప్లేటు ముప్పై రూపాయలు. చట్నీ వేలితో నాకి చూశాను. తియ్యగా ఉంది. పొరపాటున ఇంకేదో వేశాడనుకుని మరో చట్నీ అడిగాను. అదీ తియ్యగానే ఉంది. మా వైపు చట్నీలో బెల్లం కనబడితే వంటమనిషిని నిలదీస్తారు. ఇక్కడ బెల్లం తగ్గితే నిలదీస్తారట. బండివాడు నా ముఖం చూసి, “గుంటూరోలా మాస్టారూ?” అని జాలిగా అడిగి, ఒక పచ్చిమిరపకాయ తెచ్చి ప్లేటులో పెట్టాడు. నేను ఏనాడూ పాఠం చెప్పినవాణ్ణి కాదు. కానీ ఆ దేశంలో చొక్కా ఇస్త్రీ చేసుకున్న ప్రతివాడూ మాస్టారే. మూడో రోజు నుంచి నేనూ పలకడం మొదలుపెట్టాను.

నౌపడ వెళ్ళే పాసింజరులో నా ఎదురుగా ఎండుచేపల గంపతో ఒక ముసలామె కూర్చుంది. గంప వాసన పెట్టెంతా ఆక్రమించింది. ఎవరూ పట్టించుకోలేదు కనుక నేనూ పట్టించుకోనట్టు కూర్చున్నాను.

“ఒక్కలే వచ్చినారేటి బావూ? పెళ్ళాం నేదా?” అని అడిగింది.

“ఉంది. పక్షుల్ని చూడాలని నేనొక్కణ్ణే వచ్చాను.”

“పచ్చుల కోసమా?” అని ఆమె చుట్టూ ఉన్నవాళ్ళకి ఆ వార్త అందించింది. అందరూ నన్ను తిరిగి చూశారు. “సరే, సూడండి. మరి కూడెక్కడ తింతారు?”

“ఏదో హోటల్లో.”

“ఏదో హోటలుకి ఎల్లకండి. నూకరత్నం హోటలుకి ఎల్లండి. సేపల పులుసు తినండి. మీ పచ్చులు కూడా అంత దూరం నుంచి వచ్చినది సేపల కోసమే.”

నౌపడ

స్టేషన్ నుంచి బజారుకి నడిచి మూడు చోట్ల అడిగాను. ముగ్గురూ ఒకే వైపు చెయ్యి చూపించారు. అక్కడికి వెళితే ‘శ్రీ సన్యాసిరావు విలాస్, టిఫిన్లు, భోజనములు’ అని బోర్డు ఉంది. కవుంటర్లో యాభై అయిదేళ్ళ మనిషి, నుదుట విభూతి, భుజాన జరీ అంచు కండువా, కచేరీకి వచ్చినట్టు కూర్చున్నాడు.

“నూకరత్నం హోటలు ఎక్కడండీ?” అని అడిగాను.

“ఆ పేరుతో నౌపడలో హోటలు నేదు మాస్టారూ” అన్నాడాయన ఎంతో మర్యాదగా. “కూకోండి.”

లోపల వంటింట్లో ఎవరో ఆడమనిషి నవ్వింది.

విస్తరి వేశారు. పప్పు, పనసపొట్టు ఆవపెట్టిన కూర, తర్వాత మట్టి దాకలోంచి చేపల పులుసు. మా గుంటూరు వైపు పులుసు ముందు నాలుకని కొట్టి తర్వాత పలకరిస్తుంది. ఇది ముందు పలకరించింది. కొట్టిందో లేదో నాకు గుర్తులేదు, అప్పటికి రెండోసారి అన్నం పెట్టించుకుంటున్నాను. భోజనం నూట ఇరవై రూపాయలు. ఆ ధరకు మా ఊళ్ళో పులుసు కాక పులుసు పేరు దొరుకుతుంది.

“మా పులుసు ఎలగున్నాది?” అని కవుంటర్ దగ్గర అడిగాడు సన్యాసిరావు.

“ఇంత మంచి పులుసు నేను తినలేదండీ. మీరే వండారా?”

“హోటలు నాదే కదా” అన్నాడు.

సన్యాసిరావు పొద్దుట ఇడ్లీ, ఉప్మా తనే చేస్తాడు. మధ్యాహ్నం భోజనాల వంట మాత్రం వంటింట్లో నవ్విన మనిషిది. ఆమె ఆయన భార్య నూకరత్నం. మధ్యాహ్నం ఆయన పని ఆర్డర్లు లోపలికి వినిపించడం. అది ఆయన మామూలుగా చెప్పడు. ‘రెండు భోజనాలు, ఒకటి సేపలూ’ అన్నదాన్ని కింద నుంచి ఎత్తుకుని, మధ్యలో నిలిపి, చివరి దీర్ఘం మీద కంఠం వణికించి వదులుతాడు. ఆయన తాతలు, తండ్రి దేవుడి దగ్గర సన్నాయి వాయించినవాళ్ళు. ఈయనా చిన్నప్పుడు ఆరేళ్ళు నేర్చాడు. చెవి ఉంది, ఊపిరి చాల్లేదు. ఆ చాలని ఊపిరితోనే ఆర్డర్లు చెబుతున్నాడు.

ఇంకో సంగతి ఆయనే గర్వంగా చెప్పాడు. గుడి సేవ చేసిన ఇల్లు కనుక ఆయన పుట్టిన దగ్గర్నుంచి నీచు ముట్టలేదు. చేపల పులుసు కోసం జనం రైలు దిగి వచ్చే హోటలుకు యజమాని అయి ఉండి, ఆ పులుసు ఒక్క చుక్క రుచి చూడలేదు. “వాసన పడదు మాస్టారూ” అన్నాడు.

హోటలు మేడ మీద ఒక గది ఉంది. ఉప్పు వ్యాపారులు వచ్చినప్పుడు ఇస్తారట. రెండు రోజులకని తీసుకున్నాను.

ఉప్పు మళ్ళు

మర్నాడు పొద్దున్నే ఆటోలో వెళ్ళి పక్షుల్ని చూశాను. చింతచెట్ల నిండా గూడబాతులు, కొంగలు, గూళ్ళలో పిల్లలు. గొప్పగా ఉన్నాయి. అరుపులూ వాసనా కూడా గొప్పగానే ఉన్నాయి. నలభై నిమిషాల తర్వాత వాటికి నామీదా నాకు వాటిమీదా ఆసక్తి తగ్గింది. తిరిగి వస్తూ ఉప్పు మళ్ళ దగ్గర ఆటో ఆపించాను.

ఆకాశమంత వెడల్పున చిన్న చిన్న మళ్ళు. ఇంకా ఉప్పు పండే రోజులు రాలేదు, మళ్ళు సిద్ధం చేస్తున్నారు. నీళ్ళు మడి నుంచి మడికి ఎలా పెడుతున్నారో చూద్దామని శాఖాపరమైన ఉత్సాహంతో గట్టు ఎక్కాను. నాలుగో అడుగులో కాలు జారి, ఉప్పునీళ్ళు నోట్లోకి చిమ్మేలా మడిలో కూర్చున్నాను. అక్కడ పనిచేస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు ముందు తృప్తిగా నవ్వి, తర్వాత వచ్చి చెరో రెక్కా పట్టుకుని లేపారు. చీలమండ అప్పటికే బూరెలా పొంగింది.

డాక్టరు చూసి ఎముక విరగలేదు, వారం కదలొద్దు అన్నాడు. నూకరత్నం చూసి డాక్టరు చెప్పిందాన్ని ఒప్పుకుని, ఆయన రాసిన మందును మాత్రం ఒప్పుకోలేదు. చింతపండు, రాతి ఉప్పు, పసుపు కలిపి ఉడికించి, వేడివేడిగా కాలికి పట్టు వేసింది. పొడుగ్గా, నల్లగా, గాజులు మోచేతి దాకా తోసుకున్న మనిషి. చేతులు గట్టివి.

“ఇందులో చేప ముక్కలు వేస్తే పులుసే” అన్నాను.

“మీ కాలు నేదేటి?” అంది.

మేడ మీది గది

నాలుగు రోజులు మంచం మీదే ఉన్నాను. మా ఆవిడకి ఫోన్ చేస్తే, “పక్షులు ఎగరడం నేర్పాయా?” అని అడిగి, హోటలు భోజనం ఎలా ఉందో కనుక్కుని, చెప్పిన తర్వాత నిశ్చింతగా ఫోన్ పెట్టేసింది.

భోజనం పట్టుకొచ్చేది సన్యాసిరావు వాళ్ళ అమ్మాయి కల్యాణి. ఇరవై మూడేళ్ళు. తండ్రి రాగం పేరు పెట్టుకున్నాడు. తల్లి పొడుగు, తండ్రి మర్యాద వచ్చాయి. విశాఖపట్నంలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివింది. గుడ్డ రుమాలును హంసలా మడవడం చూపించింది. వాళ్ళ కథ ఆ అమ్మాయే చెప్పింది.

నూకరత్నం పుట్టింది సముద్రం ఒడ్డు పల్లెలో. తండ్రి వేటకు వెళ్ళేవాడు, తల్లీ తనూ గంపల్లో చేపలు అమ్మేవారు. సన్నాయి వదిలేసిన సన్యాసిరావు అప్పట్లో స్టేషన్ దగ్గర టీ కాచేవాడు. చేప ముట్టని ఆయన ఆ అమ్మాయి దగ్గర రోజూ ఎందుకు చేపలు కొనేవాడో బజారుకి అర్థమవడానికి నెల పట్టింది. కొన్న చేపలు స్టేషన్ పిల్లులకు వేసేవాడట. పెళ్ళి చేసుకున్నారు. ఇరవై ఎనిమిదేళ్ళయింది. సన్నాయి విద్వాంసుడైన తండ్రి కూర్మయ్య, “ఆ అమ్మి సేతి కూడు ముట్టను” అని ఒట్టు పెట్టుకుని వెనక వీధిలో వేరుగా ఉండిపోయాడు. ఇప్పుడు ఎనభై దాటాయి.

“మరి ఆయనకి వంట ఎవరు చేస్తారు?” అని అడిగాను.

కల్యాణి కిటికీలోంచి కిందికి చూపించింది. హోటల్లో పిండి రుబ్బి గిన్నెలు తోమే పైడమ్మ స్టీలు క్యారియరు పట్టుకుని వెనక వీధిలోకి వెళుతోంది.

“పప్పూ కూరా అమ్మే వండుతుంది. పైడమ్మ తీసుకెళ్ళి ‘మా ఇంట్లో వండింది తాతా’ అని ఇస్తుంది. తాత తింటాడు.”

“ఆయనకి తెలీదా?”

“పైడమ్మకి వంట రాదని ఊరందరికీ తెలుసండి.”

కల్యాణికి ఆ గురువారం భోగాపురంలో ఉద్యోగ పరీక్ష. విమానాశ్రయం దగ్గర పెద్ద హోటలు కడుతున్నారు, వంటశాలకు మనుషుల్ని తీసుకుంటున్నారు. సన్యాసిరావు ఈ మాట టిఫిన్ తినే ప్రతివాడికీ చెప్పాడు. నాకు మూడుసార్లు చెప్పాడు. “నాను ఈ హోటలు రొంపిలో పడిపోనాను మాస్టారూ. పిల్ల పడకూడదు. ఎక్కడో ఉద్యోగం సెయ్యాల” అన్నాడు.

“అదీ హోటలే కదండీ” అన్నాను.

“అది ఏసీ హోటలు” అన్నాడు.

పరీక్షకు మన ప్రాంతపు వంట ఒకటి చేసి చూపించమన్నారు. కల్యాణి చేపల పులుసు అంది. వంజరం ముక్కలు ఐసు పెట్టెలో, నూరిన మసాలా డబ్బాలో సర్ది, ఆ పెట్టె ఎవరి చేతికీ ఇవ్వనని నూకరత్నం కూడా బయల్దేరింది. ఇరవై ఎనిమిదేళ్ళలో హోటలు మూయడం అది నాలుగోసారట. అంతకు ముందు మూడుసార్లూ తుఫానులకే. ఇంగ్లీషు తెలిసిన మాస్టారు పక్కనుంటే ధైర్యమని నన్ను కూడా కుంటుకుంటూ కారెక్కించారు.

భోగాపురం

ఊరి పేరు తలిస్తే చాలు, ఇప్పుడు అందరూ ఆకాశం వైపు చూస్తున్నారు. రోడ్డు పక్క తాటితోపుల మధ్య స్థలాల బోర్డులు, ప్రతి బోర్డు మీదా ఎగురుతున్న విమానం. ఆ హోటలు పేరు రాయను. ఇంకా తెరవలేదు కానీ అద్దాలు తుడిచేవాళ్ళు అప్పుడే పదిమంది ఉన్నారు. ముందు హాల్లో మమ్మల్ని కూర్చోబెట్టి, టీ తాగుతారా అని అడిగి, ధరల కాగితం ఇచ్చారు. కప్పు టీ ధరకు నౌపడలో ఇద్దరు చేపలతో భోంచేయొచ్చు. సన్యాసిరావు ఆ కాగితాన్ని భక్తిగా రెండు చేతులా పట్టుకుని చదివాడు. “ఇదీ హోటలంటే” అన్నాడు. టీ వద్దన్నాడు.

కల్యాణి లోపలికి వెళ్ళిన గంటకు ఒకమ్మాయి వచ్చి, “వాళ్ళ మదర్ ఎవరండీ, రమ్మంటున్నారు” అంది. నూకరత్నం కంగారుగా లేచింది. వంటశాల గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. లోపల జరిగింది తర్వాత కల్యాణి చెప్పింది.

పులుసు రుచి చూసిన పెద్ద వంటాయన, ఉత్తరాది మనిషి, మసాలాలో ఏమేం ఉన్నాయని అడిగాడు. కల్యాణి నిజం చెప్పేసింది: పాళ్ళు నాకు తెలీవు, మా అమ్మ నూరింది. అందుకే తల్లిని పిలిచారు. మెంతులు ఎన్ని గ్రాములు అని అడిగితే నూకరత్నం పిడికిలి తెరిచి చూపించింది. ఎంతసేపు ఉడకాలి అని అడిగితే, “సప్పుడు మారేదాకా” అంది. ఏ చప్పుడు అన్నాడాయన. “పులుసు ముందు గలగలమంటాది, తరవాత గుసగుసలాడతాది. అప్పుడు దించీయాల” అంది. కల్యాణి ఈ మాటలు ఇంగ్లీషులోకి మార్చడానికి చాలా కష్టపడిందట. ఆయన ఇంకేమీ అడక్కుండా మిగిలిన ముక్కలు చూపించి, వండు అన్నాడు. వండింది. అయిదుగురు తిన్నారు.

మధ్యాహ్నం రెండింటికి ఇద్దరూ బయటికి వచ్చారు. కల్యాణి నవ్వు ఆపుకుంటోంది.

“నాన్నా, ఉద్యోగం వచ్చింది. అమ్మకి.”

సన్యాసిరావు అర్థం కానట్టు చూశాడు.

“నాకూ వచ్చిందిలే. అమ్మ కింద. ఎల్లుండి నుంచే రమ్మన్నారు. గది ఇస్తారు. అమ్మకి మంగళవారం సెలవు.”

ఎదురుగా, కట్టుబడి పనివాళ్ళ కోసం వేసిన టీ పాకలో కూర్చున్నాం. అక్కడ టీ పది రూపాయలు. సన్యాసిరావు గ్లాసు ముట్టుకోలేదు.

“ఇంటికి పోదుం పద” అన్నాడు.

“పోదుం. ఎల్లుండి మరలా వత్తాను” అంది నూకరత్నం.

“పిల్ల కోసం వచ్చినాం. నీ కోసం కాదు.”

“ఉద్యోగం కోసమే కదా వచ్చినాం. వచ్చింది.”

“నువ్వెలిపోతే హోటలో?”

“హోటలు నీదే కదా మావా” అంది. వెటకారం లేదు. ఇన్నేళ్ళూ నమ్మిన మాటను నమ్మినట్టే చెప్పింది. ఆయనకు అది వెటకారం కంటే గట్టిగా తగిలింది.

కాసేపటికి మళ్ళీ ఆమే అంది. “ఆళ్ళు నా పేరు అడిగినారు. కాయితం మీద రాసుకున్నారు. ఎంత కాలం నుంచి వండుతన్నావని అడిగినారు. నన్ను ఎవులూ అడగలేదు ఇన్నాళ్ళూ.” టీ ఊదుకున్నట్టు తల వంచుకుంది.

ఇబ్బంది ఒకటి ఉంది. ఇంతకు ముందు పనిచేసిన చోటు నుంచి అనుభవ పత్రం కావాలన్నారట, యజమాని సంతకంతో. ఈ మాట కల్యాణి మెల్లిగా చెప్పింది. సన్యాసిరావు చూపు రోడ్డు మీదికి పోయింది. ఆయన వద్దంటే పత్రం లేదు, పత్రం లేకపోతే ఉద్యోగం లేదు. ముగ్గురమూ ఆయన నోటి వైపే చూస్తున్నాం. నాలుగు లారీలు వెళ్ళాయి.

“రాయండి మాస్టారూ” అన్నాడు చివరికి.

నాకు చేతనైన పని అదొక్కటే. కల్యాణి ఫైలులోంచి తెల్లకాగితం తీసుకున్నాను.

“మా ఇంటిది నూకరత్నం, ఇరవై ఎనిమిదేళ్ళ బట్టి హోటల్లో నాకు సాయం సేత్తన్నాది, అని రాయండి.”

దాన్ని ‘ఇందుమూలముగా’ పెట్టి, గవర్నమెంటు భాషలో రాసి చదివి వినిపించాను. నూకరత్నం టీ గ్లాసు కింద పెట్టింది.

“సాయమేటి?” అంది.

“మరేటి రాయాల?” అన్నాడాయన.

“ఏటి జరిగినాదో అది.”

ఇంకో కాగితం తీశాను. సన్యాసిరావు ఆమె వైపు కాకుండా రోడ్డు వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. గొంతులో రాగం లేదు. “తెల్లారగట్ట ఒడ్డుకి ఎల్లి సేపలు ఎంచింది ఆవిడ. కోసింది ఆవిడ. మసాలా నూరింది ఆవిడ. పప్పూ, కూరా, పులుసూ వండింది ఆవిడ. జొరమొచ్చినా వండింది. పిల్ల పుట్టిన పదిహేనో రోజు నుంచి వండింది. వచ్చినోలందరూ బాగున్నాదన్నది ఆవిడ వంట. నాను కవుంటర్లో కూకున్నాను.”

“ఆ చివరి వాక్యం అక్కర్లేదు లెండి” అన్నాను.

“ఉండనీండి. జరిగినాదే కదా.”

ముప్పై ఆరేళ్ళ ఉద్యోగంలో నేను రాసిన కాగితాలన్నీ కలిపినా ఆ ఒక్క కాగితంలో ఉన్నంత నిజం ఉండదు. ఆయన ‘ప్రొప్రైటర్’ అని కింద సంతకం పెట్టాడు. కల్యాణి లోపలికి పట్టుకెళ్ళి ఇచ్చింది. వాళ్ళు చదవకుండానే ఫైల్లో పెట్టుకున్నారట.

మళ్ళీ నౌపడ

శనివారం పొద్దున్న తల్లీకూతుళ్ళు బస్సెక్కారు. వెళ్ళే ముందు నూకరత్నం పెద్ద దాక నిండా పులుసు వండి పెట్టింది. మసాలా నూరి నాలుగు సీసాల్లో నింపింది. ఏది ఎప్పుడు వెయ్యాలో పైడమ్మకు చెప్పింది. పైడమ్మ అన్నిటికీ తలూపింది. బస్సు కదిలాక నా దగ్గరికి వచ్చి, “ఏటి సెప్పినాదో మీకేమైనా తెలిసిందేటి మాస్టారూ?” అని అడిగింది.

ఆ రోజు ఉన్న పులుసుతో గడిచింది. చేపల పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుంది కనుక ఆదివారం కూడా సగం గడిచింది. భోజనాల వేళ దాటాక దాక అడుగున రెండు ముక్కలు మిగిలాయి. సన్యాసిరావు వంటింట్లో ఆ దాక ముందు నిలబడి ఉన్నాడు. నేను కుంటుకుంటూ మంచినీళ్ళకి వెళ్ళాను.

“రేపు నాను వండాల. ఎలగుండాలో తెలియకుండా ఎలాగ వండుతాను మాస్టారూ?” అన్నాడు.

ఆయన కండువా తీసి మేకుకు తగిలించాడు. గోడ వైపు తిరిగి, గరిటె అంచున కొంచెం పులుసు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. తర్వాత పళ్ళెం తీసుకుని, అన్నం పెట్టుకుని, దాకలో మిగిలినదంతా వంచుకుని, పీట మీద కూర్చుని తిన్నాడు. ముల్లు తీయడం చేతకాక రెండుసార్లు దగ్గాడు. కళ్ళ నీళ్ళకి ముల్లు కారణమో కాదో నేను అడగలేదు.

“ఇన్నాళ్ళూ ఇదేటని నాకెవులూ సెప్పలేదు” అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

నాకు తెలిసి, నౌపడలో రైలు దిగిన ప్రతివాడూ ఆయనకు అదే చెప్పాడు.

సోమవారం ఆయన మొదటి పులుసు వండాడు. దాని గురించి ఎక్కువ రాయడం మర్యాద కాదు. ఉప్పు మళ్ళల్లో కూర్చున్న రోజు నోట్లోకి వెళ్ళిన నీళ్ళు జ్ఞాపకం వచ్చాయి. తిన్నవాళ్ళు ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆయన్ని బాధపెట్టింది.

ఆ మధ్యాహ్నమే కూర్మయ్య వచ్చాడు. బక్కగా, నిటారుగా, చేతికర్ర లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సన్యాసిరావు కవుంటర్లోంచి లేచాడు. ముసలాయన కొడుకు ముఖం చూడకుండా, నాకు చెప్పినట్టు చెప్పాడు.

“నాను ఒట్టెట్టుకున్నది ఆ అమ్మి సేతి కూటికి. ఆ అమ్మి ఊళ్ళో నేదు. వండుతున్నది నా కొడుకు. తినొచ్చు.”

న్యాయం ప్రకారం తప్పు పట్టడానికి లేదు. విస్తరి వేశారు. సన్యాసిరావే వడ్డించాడు. ముసలాయన పప్పు కలుపుకున్నాడు, కూర నంజుకున్నాడు. రెండు ముద్దలు తిన్నాక ముఖం చిట్లించాడు.

“కూరలో ఆవ ఎక్కువైపోనాది. ఆ అమ్మి ఇలగ ఎయ్యదు” అన్నాడు.

పైడమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ముసలాయన కూడా ఆగాడు. తనేం అన్నాడో ఆయనకు అప్పుడు వినబడింది. ‘మీకెలా తెలుసు’ అన్న ప్రశ్న నలుగురి నోళ్ళలోనూ ఉంది కానీ ఎవరూ బయటికి తీయలేదు. ఆయన కొంచెం మజ్జిగ పోయించుకుని, ఆవ ఎక్కువైన ఆ కూర అంతా ఓపిగ్గా తిని, లేచాడు. గుమ్మం దాటుతూ, “మంగళారం వస్తాదన్నావు కదూ?” అని పైడమ్మని అడిగి వెళ్ళాడు.

మంగళవారం

నా రైలు ఆ సాయంత్రం. కాలు తగ్గింది, సంచీ సర్దేసుకుని కింద కూర్చున్నాను. సన్యాసిరావు చీకటితోనే ఒడ్డుకి వెళ్ళి చేపలు తనే తెచ్చాడు. ఒడ్డున చేపలమ్మే ఆడవాళ్ళు ఈయనకి ఏది అంటగట్టారో అని పైడమ్మ బుట్టలో చెయ్యి పెట్టి చూసి, “పరవానేదు” అంది. ఆయన కండువా లేకుండా పొయ్యి ముందు నిలబడి వండాడు. రుచి చూశాడు. చివర్లో దాక మీదికి వంగి చెవి పెట్టాడు. సన్నాయి నేర్చిన చెవి. ఏం వినబడిందో గానీ గబుక్కున దించేశాడు.

పదకొండు గంటలకి నూకరత్నం ఒక్కతే వచ్చింది, కల్యాణికి ఆ రోజు సెలవు దొరకలేదట. కాళ్ళకు హోటలు వాళ్ళిచ్చిన నల్ల బూట్లున్నాయి. గుమ్మం దగ్గర విప్పి, కాళ్ళు కడుక్కుని, చీర కుచ్చిళ్ళు దోపుకుంటూ అలవాటుగా వంటింటి వైపు నడిచింది.

సన్యాసిరావు అడ్డం వచ్చాడు. “కూకో” అన్నాడు.

ఎక్కడ కూర్చోవాలో ఆమెకు తెలియలేదు. తన హోటల్లో బల్లకు ఈవల ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. గోడ పక్క బెంచీ చివర, ఎవరైనా లెమ్మంటే లేవడానికి వీలుగా, అంచు మీద కూర్చుంది. ఆయన విస్తరి పరిచి నీళ్ళు చల్లాడు. అన్నం, పప్పు, కూర, చేపల పులుసు తనే వడ్డించి, నాలుగడుగులు వెనక్కి వేసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. టిఫిన్ తింటున్న ఇద్దరు ఉప్పు వ్యాపారులు కూడా నమలడం మానేశారు.

ఆమె తల ఎత్తకుండా తింది. పప్పు తింది. కూర తింది. పులుసు కలుపుకుని నెమ్మదిగా, ముల్లు పక్కన పెడుతూ, చివరి ముద్ద దాకా తింది. లేచి చెయ్యి కడుక్కుంది. పైటతో మూతి తుడుచుకుంది.

“ఉప్పు సరిపోనాది” అంది.

సన్యాసిరావు ముఖం వెలిగింది. కానీ ఆయన అక్కణ్ణుంచి కదల్లేదు.

“మరి మిగతాది?” అని అడిగాడు.

“మిగతాది వచ్చే మంగళారం సూత్తాను” అంది నూకరత్నం.